ఇంటి సి.ఎన్.సి. యంత్రానికి తక్కువ ధర కంప్యూటరు



కొన్ని నెలల క్రిందట రాయదుర్గం వైపు నుంచి ఒక వడ్రంగి బళ్ళారిలో నన్ను చూడవచ్చారు. తలుపులకు, పూజామందిరాలకు నగిషీ చెక్కడం వారి ఇంటి పని. తండ్రిగారు ఉలితో చెక్కిన తామరపువ్వును తాను యంత్రంతో చెక్కాలని ఆయన ఆశ. అప్పుచేసి ఒక చిన్న సి.ఎన్.సి. రౌటరు కొని, ఇంటి వసారాలో నిలబెట్టారు. ఉన్న డబ్బంతా యంత్రానికే అయిపోయింది. "అన్నా, దీన్ని నడిపేదానికి కంప్యూటరు కావల్లంట. తక్కువలో ఏది తీసుకోమంటావు?" అని అడిగారు.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్ళాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. గీత మధ్యలో పడినా, పనీ పనివాళ్ళూ ఈనాటికీ అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. కాబట్టి ఆయన అడిగిన ప్రశ్న గుంతకల్లులోనూ, సిరుగుప్పలోనూ, కంప్లిలోనూ చాలామందికి ఉండే ప్రశ్నే. ఆయనకు నేను చెప్పిన సంగతులే ఈరోజు మీతోనూ చెబుతాను.

ధర అడగడానికి ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. ఈ యంత్రంలో కాలం లెక్కపెట్టేది ఎవరు? కంప్యూటరా, లేక యంత్రంతోపాటు వచ్చిన చిన్న బోర్డా? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే కంప్యూటరు ఎంపిక సగం అయిపోయినట్టే. తెలియకపోతే యాభైవేలు పోసి కొన్న కొత్త కంప్యూటరు కూడా టేకు పలకను పాడుచేయగలదు.

కాలం లెక్క అంటే ఏమిటో వివరిస్తాను. సి.ఎన్.సి. అంటే అంకెలతో నడిచే యంత్రం. ఈ పద్ధతిని 1952లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థ ప్రయోగశాలలో ప్రదర్శించారు. అప్పుడు అంకెలు కాగితపు టేపు మీద రంధ్రాలుగా ఉండేవి. ఇప్పుడు జి-కోడ్ అనే మామూలు అక్షరాల ఫైలుగా ఉంటాయి. "ఇంత వేగంతో, ఇంత దూరం, ఈ దిక్కుకు వెళ్ళు" అన్నదే అందులోని ప్రతి వరుసకూ అర్థం. ఈ వరుసలను ఎవరో ఒకరు చదివి, మోటారుకు చిన్న చిన్న విద్యుత్ తట్లుగా మార్చి పంపాలి. వీటిని పల్సులు అంటారు. ఇళ్ళలో వాడే యంత్రాలకు సాధారణంగా ఉండే స్టెప్పరు మోటారు ఒక చుట్టు తిరగడానికి 200 మెట్లు తీసుకుంటుంది. దాని డ్రైవరును 8 భాగాలకు అమర్చితే చుట్టుకు 1600 పల్సులు కావాలి. చుట్టుకు 5 మిల్లీమీటర్లు జరిపే బాల్ స్క్రూ ఉన్నదనుకోండి. అప్పుడు మిల్లీమీటరుకు 320 పల్సులు. నిమిషానికి 3000 మిల్లీమీటర్ల వేగంతో కదలాలంటే సెకనుకు 16,000 పల్సులు పడాలి. అంటే ఒక పల్సుకూ మరొక పల్సుకూ మధ్య వ్యవధి 62.5 మైక్రోసెకన్లు. మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షల వంతు.

ట్రాక్టర్లు రాకముందు మన మెట్టపొలాల్లో గొర్రుతో విత్తనం వేసేవారు. ఎద్దులు ముందు నడుస్తుంటే, వెనుక ఒక ఆడమనిషి జడ్డిగంలో పిడికిలితో గింజలు జారవిడిచేది. ఆమెకు బలం అక్కరలేదు. చెయ్యి ఆగకుండా, గింజ గింజకూ ఎడం తప్పకుండా వదలగలగాలి. పక్కచేను మనిషి పలకరించాడని ఒక్కసారి తల తిప్పితే ఎద్దులు ఆగవు, సాలులో ఆ మేర మొలక ఉండదు. ఆ సంగతి తెలిసేది వారం తరువాత, మొలకలు వచ్చినప్పుడే. సి.ఎన్.సి.లో పల్సులు వదిలే పనీ అలాంటిదే. మామూలు స్టెప్పరు మోటారు "నేను కదలలేకపోయాను" అని తిరిగి చెప్పలేదు. వేగంగా తిరుగుతున్నప్పుడు పల్సుల ఎడం తప్పితే మోటారు జారుతుంది. జారిన సంగతి కంప్యూటరుకు తెలియదు. అక్కడి నుంచి చెక్కిందంతా పక్కకు జరిగిపోతుంది.

ఇప్పుడు మొదటి పద్ధతికి వస్తాను. ఇందులో గింజలు వదిలేది కంప్యూటరే. కంప్యూటరు వెనుక, పూర్వం ప్రింటరు తగిలించుకునే 25 సూదుల ప్యారలల్ పోర్టు ఉండేది. దాని ద్వారా పల్సులను నేరుగా మోటారు డ్రైవర్లకు పంపుతారు. సెకండ్ హ్యాండులో వచ్చే యంత్రాలలో ఇంకా ఈ పద్ధతి కనిపిస్తుంది. దీనికి ఎక్కువగా వాడేవి మాక్-3, లినక్స్ సి.ఎన్.సి. అనే రెండు ప్రోగ్రాములు. మాక్-3 డబ్బిచ్చి కొనవలసినది, విండోస్ మీద నడుస్తుంది. దాని ప్యారలల్ పోర్టు పద్ధతి 32 బిట్ల విండోస్ మీద మాత్రమే పనిచేస్తుంది, 64 బిట్లది పనికిరాదు. అందుకే కొత్త కంప్యూటరు కొనుక్కొచ్చి అందులో మాక్-3 ఎక్కించాలని చూసినవాళ్ళు తలలు పట్టుకుంటారు. లినక్స్ సి.ఎన్.సి. ఉచితం. అమెరికా ప్రభుత్వపు జాతీయ ప్రమాణాల సంస్థలో 1990ల దశకంలో జరిగిన పని నుంచి పుట్టింది. ఇప్పుడు ప్రపంచమంతటా స్వచ్ఛందంగా పనిచేసేవారు దాన్ని పోషిస్తున్నారు.

ఈ పద్ధతిలో కంప్యూటరు ఎంత వేగవంతమైనదన్నది ముఖ్యం కాదు, వేళ తప్పనిదై ఉండాలి. వేగమూ, వేళపాలనా ఒకటి కావు. కొత్త కంప్యూటరు ఒకేసారి వంద పనులు చేస్తుంటుంది. తెర బొమ్మలు, నెట్‌వర్కు, వేడి అదుపు, విద్యుత్తు పొదుపు వంటి వాటికి ఇది మధ్య మధ్య తల తిప్పుతుంది. పదిహేనేళ్ళ నాటి సాదా డెస్క్‌టాప్ ఒక్కోసారి దీనికంటే చక్కగా వేళ పాటిస్తుంది. ఇంటెల్ కంపెనీ చేసిన ఆటమ్ రకం డి-510, డి-525 బోర్డులు అలాంటివే. మామూలు పనికి మందకొడి అని పేరుపడినా, లినక్స్ సి.ఎన్.సి. వాడేవారు వాటిని వెతికి మరీ కొనుక్కునేవారు.

ఈ వేళపాలనను కొనకముందే కొలవవచ్చు. లినక్స్ సి.ఎన్.సి.ని ఒక పెన్‌డ్రైవులో వేసుకుని దుకాణానికి తీసుకువెళ్ళండి. కంప్యూటరు లోపలి డిస్కును తాకకుండా పెన్‌డ్రైవు నుంచే దాన్ని నడపవచ్చు. అందులో లేటెన్సీ పరీక్ష అని ఒకటి ఉంటుంది. దాన్ని నడుపుతూ, అదే సమయంలో కిటికీలు తెరచి మూయండి, పెద్ద ఫైలు కాపీ చేయండి. పావుగంట అలా బాధపెట్టిన తరువాత గరిష్ఠంగా ఎంత ఆలస్యమైందో చూడండి. అది 20,000 నానోసెకన్ల లోపు, అంటే 20 మైక్రోసెకన్ల లోపు ఉంటే కళ్ళు మూసుకుని కొనవచ్చు. 30 నుంచి 50 మైక్రోసెకన్ల మధ్య ఉంటే పని జరుగుతుంది కాని వేగం తగ్గించుకోవాలి. 100 దాటితే, దుకాణదారు ఎంత తగ్గించినా, ఈ పద్ధతికి అది పనికిరాదు. ఇంతకుముందు మనం వేసిన లెక్కలో పల్సుకూ పల్సుకూ మధ్య 62.5 మైక్రోసెకన్లే ఉన్న సంగతి గుర్తుచేసుకుంటే ఈ అంకెల అర్థం తెలుస్తుంది.

ల్యాప్‌టాప్ ఈ పద్ధతికి వద్దు. బ్యాటరీ ఆదా చేయడానికి అది తనంతట తాను వేగం తగ్గించుకుంటూ పెంచుకుంటూ ఉంటుంది. దీన్ని చాలావరకు మనం ఆపలేము. ప్యారలల్ పోర్టు లేకపోతే యు.ఎస్.బి. నుంచి ప్రింటరుకు వెళ్ళే తీగ వాడవచ్చు కదా అని అడుగుతారు. ఆ తీగ ప్రింటరుకు అక్షరాలు మోయడానికి చేసినది, వేళ తప్పకుండా పల్సులు మోయలేదు. డెస్క్‌టాప్ లోపల బిగించే ప్యారలల్ పోర్టు కార్డు అయితే పనికివస్తుంది. కొన్ని పోర్టులు 5 వోల్టులకు బదులు 3.3 వోల్టులే ఇస్తాయి, కొన్ని మోటారు డ్రైవర్లు ఆ తక్కువ వోల్టేజిని గుర్తించవు. మీటరు ఉన్న ఎలక్ట్రీషియను చేత ముందే చూపించుకోండి.

రెండవ పద్ధతిలో గింజలు వదిలే పని కంప్యూటరు మీద పెట్టరు. అందుకొక చిన్న బోర్డు ఉంటుంది. నార్వే దేశానికి చెందిన సిమెన్ స్వాలె స్కోగ్స్‌రూడ్ 2009లో జి.ఆర్.బి.ఎల్. అనే ప్రోగ్రామును వ్రాసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. మన పనివాళ్ళు దాన్ని గ్రబల్ అంటారు. అర్డునో ఊనో అనే, అరచేతిలో ఇమిడే బోర్డు మీద అది నడుస్తుంది. ఆ బోర్డుకు ఉన్న పనిజ్ఞాపకం 2 కిలోబైట్లు. మీ సెల్‌ఫోనులో ఒక చిన్న ఫోటో కూడా అందులో పట్టదు. అయినా దానికి వేరే పని లేదు, ఎవరూ దాన్ని పలకరించరు. సెకనుకు దాదాపు 30,000 పల్సుల వరకు క్రమం తప్పకుండా ఇస్తుంది. మనకు కావలసినవి 16,000. అయితే, నునుపుగా వస్తుందని ఎవరో చెప్పారని డ్రైవరును 16 భాగాలకు మార్చితే అదే వేగానికి 32,000 పల్సులు కావలసి వస్తాయి, బోర్డు హద్దు దాటిపోతాము. అంతకన్నా కావాలనుకునేవారికి ఇ.ఎస్.పి.-32 వంటి శక్తిగల బోర్డులు ఉన్నాయి, అవీ పెద్ద ఖరీదు కావు.

ఈ పద్ధతిలో కంప్యూటరుకు మిగిలిన పని ఒక్కటే. జి-కోడ్ వరుసలను యు.ఎస్.బి. తీగ ద్వారా ఒకదాని తరువాత ఒకటి బోర్డుకు అందించాలి. బోర్డు కొన్ని వరుసలను ముందే దాచుకుని ఉంటుంది కాబట్టి కంప్యూటరు క్షణం సేపు తల తిప్పినా ఫరవాలేదు. మరీ ఆలస్యమైతే బోర్డు తన దగ్గరున్న చివరి కదలికను నెమ్మదిగా ముగించి ఆగుతుంది. బిట్టు ఒకేచోట తిరగడం వల్ల చెక్క మీద కాలిన మచ్చ పడవచ్చు, కాని స్థానం తప్పదు. మచ్చను గరుకు కాగితంతో రుద్దుకోవచ్చు. స్థానం తప్పిన తామరపువ్వును మాత్రం సరిచేయలేము. ఈ ఒక్క కారణం చేతనే ఇంట్లో చెక్క నగిషీ పెట్టుకునేవారికి నేను ఈ రెండవ పద్ధతినే సూచిస్తాను. రాయదుర్గం నుంచి వచ్చిన ఆయన యంత్రం మూత విప్పించి చూస్తే లోపల ఉన్నది ఇటువంటి బోర్డే. కాబట్టి ఇంట్లో మూలపడి ఉన్న పాత ల్యాప్‌టాపుతోనే మొదలుపెట్టమన్నాను. "కొత్తది కొనే పనే లేదా?" అని ఆయన రెండుసార్లు అడిగారు.

ఈ పనికి 4 జి.బి. ర్యామ్ చాలు. పాత హార్డ్ డిస్కు తీసివేసి చిన్న ఎస్.ఎస్.డి. వేయించండి. యంత్రం అదురుకూ, దుమ్ముకూ అదే తట్టుకుంటుంది. గ్రాఫిక్ కార్డు అక్కరలేదు. పాత చదరపు తెర అయినా చాలు. 2025 అక్టోబరు 14తో విండోస్-10కు కంపెనీ ఉచిత మద్దతు ముగిసింది. కొత్త విండోస్‌కు తగవని ఆఫీసులు తీసివేసిన డెస్క్‌టాపులు బెంగళూరు ఎస్.పి. రోడ్డులోనూ, సికింద్రాబాదు పార్క్‌లేన్ వైపూ, మన ఊళ్ళ రిపేరు దుకాణాల్లోనూ దొరుకుతున్నాయి. ఆఫీసుకు పనికిరాని ఆ పెట్టె మన పనికి చక్కగా సరిపోతుంది. అందులో ఉచితమైన లినక్స్ వేసుకోవచ్చు. ఉన్న విండోస్‌నే ఉంచుకుంటే దాన్ని ఇంటర్నెట్‌కు తగిలించకండి. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటరు కూడా మంచిదే. కాని తెర, కీబోర్డు, పవరు అడాప్టరు, మెమరీ కార్డు కలుపుకుని లెక్కవేస్తే చాలాసార్లు పాత డెస్క్‌టాపే చవక.

బొమ్మ గీయడానికి మాత్రం ఈ చిన్న పెట్టె చాలదు. దేవతామూర్తులను లోతుగా చెక్కే ఫైలులో వరుసలు లక్షల్లో ఉంటాయి. దాన్ని తయారుచేయడానికి శక్తిగల కంప్యూటరు కావాలి. అందుకని రెండు పనులనూ వేరుచేయండి. బొమ్మ ఇంట్లో మంచి కంప్యూటరు మీదనో, డిజైను చేసి ఇచ్చేవారి దగ్గరనో తయారుకానివ్వండి. పెన్‌డ్రైవులో తెచ్చి వసారాలోని పెట్టెకు ఇవ్వండి. ఆ పెట్టె మీద సినిమాలు వద్దు, పిల్లల ఆటలు వద్దు. నిద్రపోయే అమరికలు, తెర ఆరిపోయే అమరికలు, యు.ఎస్.బి.కి విద్యుత్తు ఆపే అమరిక, తనంతట తాను అప్‌డేట్ చేసుకునే అమరిక, అన్నీ ఆపివేయండి.

ఇక మన ప్రాంతపు కరెంటు సంగతి. కుడతినిలో అంత పెద్ద థర్మల్ కేంద్రం మన కళ్ళెదుటే ఉన్నా, ఎండాకాలపు గాలివానకు దీపాలు ఆరడం మనకు కొత్తకాదు. దీనివల్ల నేనే ఒకసారి నష్టపోయాను. పాత ల్యాప్‌టాపుతో ఒక పూజామందిరం తలుపు చెక్కిస్తున్నాను. మధ్యాహ్నం కరెంటు పోయింది. మోటార్లు ఆగాయి. కాని ల్యాప్‌టాపుకు బ్యాటరీ ఉన్నది. చిన్న బోర్డుకు కరెంటు అందేది యు.ఎస్.బి. తీగ ద్వారా, అంటే ఆ ల్యాప్‌టాపు నుంచే. కాబట్టి యంత్రం ఆగినా లెక్క ఆగలేదు. తెర మీద అంకెలు పరుగెడుతూనే ఉన్నాయి, బిట్టు మాత్రం చెక్కలోనే నిలబడి ఉన్నది. నేను భోజనానికి లోపలికి వెళ్ళాను. నాలుగు నిమిషాలకు కరెంటు వచ్చింది. యంత్రం తానెక్కడో ఉన్నాననుకుని కదిలింది. బిట్టు విరిగింది, తలుపు మధ్యలో బొటనవేలంత గాడి పడింది. ఆ టేకు పలక ఇప్పుడు మా ఇంట్లో పీట అయింది.

అందుచేత కంప్యూటరుకు మాత్రమే యు.పి.ఎస్. పెట్టి నిశ్చింతగా ఉండకండి. ల్యాప్‌టాపు బ్యాటరీ కూడా యు.పి.ఎస్. వంటిదే. కరెంటు పోతే అన్నీ కలిసి ఆగాలి. మోటార్లకూ, బిట్టు తిప్పే స్పిండిలుకూ కలిపి ఒక కాంటాక్టరు పెట్టించండి. కరెంటు తిరిగి వచ్చినా, మనం పచ్చ బొత్తాము నొక్కేవరకు అది కలవకూడదు. గ్రబల్ బోర్డులో ఆపివేయడానికి ఒక బిగింపు ఉంటుంది. చిన్న రిలే ద్వారా దాన్ని ఈ కాంటాక్టరుతో ముడిపెట్టమంటే ఎలక్ట్రీషియను గంటలో చేసి ఇస్తారు. ఎర్ర ఎమర్జెన్సీ బొత్తాము కూడా నేరుగా కరెంటు తెంచేదిగా ఉండాలి. తెర మీద గీసిన బొత్తామును నమ్మకండి. కంప్యూటరు బిగుసుకుపోయిన రోజునే దాని అవసరం వస్తుంది. కరెంటు పోయి వచ్చిన తరువాత "కొనసాగించు" అని ఎప్పుడూ నొక్కవద్దు. సున్నా స్థానాన్ని మళ్ళీ పట్టుకుని, ఆగిన వరుసకు కాస్త ముందునుంచి మొదలుపెట్టాలి. సున్నా స్థానానికి గుర్తుగా పలక మూలలో ఒక చిన్న చుక్క ముందే పొడిచి ఉంచండి.

మన ఎర్రదుమ్ము, చెక్కపొడి కలిసి ఫ్యానును బిగిస్తాయి. కంప్యూటరును యంత్రం బల్ల మీద కాకుండా, గోడకు, తలకు పైన, చెక్కపొడి పడనిచోట పెట్టండి. గాలి ఆడకుండా మూటకట్టినట్టు కట్టకండి, మన ఎండలకు ఉడికిపోతుంది. నెలకొకసారి మూత తీసి ఊదించండి. యు.ఎస్.బి. తీగ పొట్టిది, లోపల వల ఉన్నది తీసుకోండి, స్పిండిలు తీగకు దూరంగా లాగండి. పని మధ్యలో కంప్యూటరుకూ బోర్డుకూ సంబంధం తెగిపోతోందంటే చాలామంది కంప్యూటరును మారుస్తారు. ఎక్కువసార్లు తప్పు ఆ తీగదీ, సరిగా లేని ఎర్తింగుదీ.

చెక్క పెట్టకముందు ఒక పరీక్ష చేయండి. బిట్టు స్థానంలో ఒక బాల్‌పాయింటు పెన్ను బిగించి, కింద తెల్లకాగితం అంటించండి. సున్నా దగ్గర చుక్క పెట్టించి, వంద వృత్తాలు, అడ్డదిడ్డపు గీతలు అరగంటసేపు మామూలు వేగంతో గీయించి, మళ్ళీ సున్నాకు వచ్చి చుక్క పెట్టమనండి. రెండు చుక్కలూ ఒకటిగా పడితే ఆ కంప్యూటరు ఎంతకు కొన్నదైనా మీ యంత్రానికి చాలు. పడకపోతే వేగం సగానికి తగ్గించి మళ్ళీ చూడండి. అప్పటికీ తప్పితే కంప్యూటరును తిట్టే ముందు మోటారుకూ స్క్రూకూ మధ్య ఉన్న కప్లింగు మర బిగువుగా ఉన్నదో లేదో చూడండి. రాయదుర్గం ఆయన యంత్రంలో వదులుగా ఉన్నది ఆ మరే. బిగించిన తరువాత రెండు చుక్కలూ ఒకటయ్యాయి.